బల్లిని పెంచొద్దు... బతకనిస్తే చాలు!

లక్షల ఆశ చూపే బేరగాళ్ల మాట నమ్మి చేతిలో సొమ్ము పోగొట్టుకోవద్దు. గోడ మీది బల్లి పైసా ఖర్చు లేకుండా మీ ఇంటికి, చేనుకు చేసే మేలేమిటో తెలుసుకోండి.

"అన్నా, మీ ఇంట్లో పెద్ద బల్లి ఉన్నదా? జానెడు కన్నా పొడుగుంటే చెప్పు. తూకం వేసి లక్షలిస్తాం. చిన్న పిల్లలుంటే డబ్బాలో పెట్టి సాకు. పెద్దగైనంక మేమే కొంటాం. ముందుగాల జర అడ్వాన్సు కట్టాలె."

ఇలాంటి మాట ఈమధ్య మీ చెవిన పడిందా? హోటల్ దగ్గర చాయ్ తాగుతుంటే ఎవరో చెప్పి ఉండొచ్చు. సెల్‌ఫోన్‌లో ఏదో వీడియో వచ్చి ఉండొచ్చు. అరెకరం అల్లం పెట్టి ధర రాక, రెండెకరాల పత్తికి పెట్టుబడి తిరిగిరాక తల పట్టుకున్న రైతుకు ఇలాంటి మాట తియ్యగానే ఉంటుంది. అందుకే రైతు సోదరీ సోదరులు జర ఆగి, ఈ బల్లి సంగతి మొత్తం ఒకసారి తెలుసుకోవాలి. బల్లి వల్ల రైతుకు లాభం ఉంది. కానీ ఆ లాభం బేరగాడు చెప్పే తీరున వచ్చేది కాదు.

మన ఇంట్లో ఉన్నది ఏ బల్లి?

బల్లులు అన్నీ ఒకటే రకం కావు. జహీరాబాద్ చుట్టుపక్కల, అంటే ఝరాసంగం, న్యాల్‌కల్, కోహీర్, మొగుడంపల్లి ఊళ్లలో బల్బు కింద, పెంకుల సందున, దూలం వెంట కనిపించేవి ఎక్కువగా ఇంటి బల్లులు. తోకతో కలిపి కొలిస్తే మూడు నుంచి ఆరు అంగుళాలు ఉంటాయి. రాత్రి లేత రంగులో, పగలు కొంచెం ముదురు రంగులో కనిపిస్తాయి. "చిక్ చిక్" అని పలికేది ఇవే. మనం ఏదైనా మాట్లాడుతున్నప్పుడు బల్లి పలికితే "సత్యం" అని వేలితో తట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. నిజానికి ఆ పలుకు మన కోసం కాదు. ఎక్కువగా మగ బల్లి "ఈ గోడ నాది" అని పక్క మగ బల్లికి చేసే హెచ్చరిక అది.

చింత, వేప, మామిడి చెట్ల బెరడు మీద ఉండేది చెట్టు బల్లి. బెరడు రంగులో కలిసిపోతుంది. తేరిపార చూస్తే గానీ కనబడదు. రాతి గుట్టల్లో, పాత కోటల గోడల్లో ఇంకా పెద్ద రాతి బల్లి ఒకటి ఉంటుంది. గోదావరి లోయలో దొరికిన బల్లిని పరిశీలించి స్టోలిక్జ్‌కా అనే శాస్త్రవేత్త 1871లో దాన్ని వేరే జాతిగా గుర్తించాడు. ఇది జానెడు దాటి పెరుగుతుంది. అందుకే దీన్ని చూసి "లక్షల బల్లి ఇదే" అని మోసపోయే ప్రమాదం ఎక్కువ.

పగటి పూట కంచె మీద తల ఊపుతూ కనిపించే తొండ, గడ్డిలో నున్నగా జారిపోయే నలికిరి బల్లికి చుట్టాలే గానీ బల్లులు కావు. బల్లి రాత్రి కూలీ అయితే, తొండ, నలికిరి పగటి కూలీలు. ముగ్గురికీ కూలి మాత్రం పురుగులే.

బల్లి సంసారం

బల్లిని "సాకుదాం" అనుకునే ముందు అది ఎలా బతుకుతుందో, ఎలా పిల్లలు చేస్తుందో తెలియాలి.

ఇంటి బల్లి ఒక కాన్పుకు రెండు గుడ్లు మాత్రమే పెడుతుంది. తెల్లగా, గుండ్రంగా, శనగ గింజ కన్నా కొంచెం పెద్దగా ఉంటాయి. పెట్టిన కాసేపటికే పెంకు గట్టిపడుతుంది. తలుపు చట్రం వెనుక, మీటర్ డబ్బా వెనుక, దేవుని పటం వెనుక, పాత పెంకుల కింద ఇవి కనిపిస్తాయి. ఒకే సందులో పది, ఇరవై గుడ్లు కనిపిస్తే ఒక్క బల్లివే అనుకోవద్దు. చోటు బాగుంటే నాలుగైదు ఆడ బల్లులు అక్కడే పెడతాయి. పాత గుడ్ల ఖాళీ డొల్లలు కూడా అందులోనే ఉంటాయి.

తల్లి గుడ్లను పొదగదు. ఎండ వేడికే అవి పొదుగుతాయి. వేడిని బట్టి నెలన్నర నుంచి రెండు నెలలకు పైగా పడుతుంది. బయటికొచ్చిన పిల్ల రెండు అంగుళాలు కూడా ఉండదు. తల్లి తిండి పెట్టదు. పుట్టిన నాటి నుంచే దోమ, చిన్న పురుగు వెతుక్కోవాలి. పెరిగి మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఏడాది వరకు పడుతుంది.

ఒక చిత్రం చూడండి. కోడిగుడ్డును తల్లి కోడి రోజూ తిప్పుతుంది. బల్లి గుడ్డును మాత్రం తిప్పకూడదు. ఏ వైపు పెట్టిందో ఆ వైపే ఉండాలి. తిరగేస్తే లోపలి పిల్ల చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే సున్నం వేసేటప్పుడు, పెంకులు సర్దేటప్పుడు గుడ్లు కనిపిస్తే వాటిని కదపకుండా ఆ సందును అలాగే వదిలేయడం మంచిది.

బల్లికి కనురెప్పలు ఉండవు. కంట్లో దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. కాలి వేళ్ల కింద కంటికి కనిపించని సన్నని వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి. వాటి వల్లనే అద్దం మీద కూడా జారకుండా పాకుతుంది. జిగురు ఏమీ ఉండదు. పిల్లి పట్టుకుంటే తోక తెంచి ఇచ్చి పారిపోతుంది. తోక మళ్లీ వస్తుంది గానీ, కొత్త తోకలో ఎముక ఉండదు, మెత్తని మృదులాస్థి మాత్రమే ఉంటుంది. తోకలోనే అది కొవ్వు దాచుకుంటుంది. కాబట్టి తోక పోయిన బల్లి అంటే గుమ్మి ఖాళీ అయిన రైతు లాంటిది. ఊరికే ఆటకు తోక తెంపే పిల్లలకు ఈ మాట చెప్పాలి.

రాత్రి కూలీ చేసే పని

పొద్దుగూకి బల్బు వెలగగానే బల్లి పని మొదలవుతుంది. దోమలు, ఈగలు, రెక్కల పురుగులు, చిన్న బొద్దింకలు, కీచురాళ్లు, సాలీళ్లు దాని తిండి. మృగశిర కార్తె (మిర్గం) వానకు పుట్టల నుంచి ఉసిళ్లు లేచినప్పుడు బల్లులకు పండుగే. రెక్కలు రాలిన ఒక్కో ఉసిలి జంట ఒక కొత్త చెదపుట్టకు విత్తనం. తలుపు చట్రాన్ని, దూలాన్ని, చేనులో చెరకు ముచ్చెను తినే చెద ఆ పుట్టల నుంచే వస్తుంది. బల్లి తిన్న ప్రతి ఉసిలి ఒక పుట్టను మొదట్లోనే ఆపినట్టు.

రాత్రి దీపానికి వచ్చే రెక్కల పురుగుల్లో కంది, శనగ కాయలను తొలిచే శనగపచ్చ పురుగు తల్లి కూడా ఉంటుంది. ఒక్కో తల్లి పురుగు వందల గుడ్లు పెడుతుంది. ఆకు మీద గుడ్డు పడకముందే తల్లి పురుగు పోతే, ఆ మేరకు మందు కొట్టే అవసరం తగ్గుతుంది. ఇంట్లో దాచిన జొన్న, సజ్జ మీద తిరిగే చిన్న రెక్కల పురుగు కూడా బల్లికి దొరుకుతుంది.

అయితే ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పుకోవడం తప్పు. బల్లి ఒక్కటే మీ చేను పురుగును అదుపు చేయదు. బస్తా లోపల గింజను తొలిచే ముక్క పురుగు జోలికి అది పోలేదు. ఒక్కోసారి మనకు మేలు చేసే సాలీళ్లను కూడా తినేస్తుంది. కాబట్టి లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరాలు, వేపగింజల కషాయం లాంటి పనులు మీరు చేయాల్సిందే. వాటితో పాటు బల్లి, తొండ, కప్ప, గుడ్లగూబ కలిస్తేనే పురుగు మీద ఒత్తిడి పడుతుంది. ఏ ఒక్కటీ తక్కువ కాదు, ఏ ఒక్కటీ సరిపోదు.

పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రైతుల గురించి జహీరాబాద్ ప్రాంతంలో తెలియని వారుండరు. ఎర్ర మొరం నేలల్లో జొన్న, కంది, పెసర, కొర్ర లాంటివి ఒకే చేనులో కలిపి వేయడం, విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి వెదురు గంపల్లో దాచి పేడతో అలకడం వారి పద్ధతి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మందు చల్లని చేను, మందు బిళ్ల పెట్టని ఇల్లు ఉన్నచోట బల్లి తనంతట తానే నిలుస్తుంది. దాన్ని తెచ్చి పెట్టే పని లేదు.

డబ్బాలో పెడితే ఏమవుతుంది?

"విదేశాల్లో బల్లులను ఇంట్లో సాకి అమ్ముతారట కదా?" అని కొందరు అడుగుతారు. నిజమే. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ ప్రాంతాలకు చెందిన ఒంటి నిండా చుక్కలుండే చిరుత బల్లిని అమెరికా, ఐరోపా దేశాల్లో కొన్ని దశాబ్దాలుగా ముద్దుకు పెంచుతున్నారు. దానికి కనురెప్పలు ఉంటాయి, గోడ ఎక్కలేదు. మంచిగా చూసుకుంటే 15 ఏళ్లకు పైనే బతుకుతుంది. గుడ్డుకు తగిలే వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది. 26 డిగ్రీల దగ్గర పొదిగితే దాదాపు అన్నీ ఆడవి, 32 డిగ్రీలు దాటగానే ఎక్కువగా మగవి వస్తాయి. అంటే పొదిగే పెట్టె, వేడి చూపే మీటరు, ఆగని కరెంటు కావాలి. రోజూ బతికున్న పురుగులను సున్నపు ధాతువు పొడిలో దొర్లించి పెట్టాలి. అక్కడ అది డబ్బున్నవారి సరదా. దాని అంగడి వేరు, కొనేవారు వేరు.

మన ఇంటి బల్లిని డబ్బాలో పెట్టి చూద్దాం. మొదటి కష్టం తిండి. బల్లి చచ్చిన పురుగును ముట్టదు. కదిలేది కావాలి. లెక్క కోసం వంద బల్లులు, ఒక్కోదానికి రోజుకు ఐదు పురుగులు అనుకుందాం. రోజుకు 500, నెలకు 15,000 బతికున్న పురుగులు పట్టి తేవాలి! ఆ పని చేసే మనిషికి కూలి ఎంత? లేదంటే పురుగులనే వేరుగా పెంచాలి. అంటే బల్లుల ఫారం కన్నా ముందు పురుగుల ఫారం పెట్టాలి.

రెండో కష్టం కొట్లాట. ఒకే డబ్బాలో రెండు మగ బల్లులుంటే కరుచుకుంటాయి. పెద్దవి పిల్లలను మింగుతాయి. కాబట్టి ఒక్కోదానికి ఒక్కో గది కావాలి. మూడో కష్టం వేడి. చైత్ర, వైశాఖ మాసాల్లో రేకుల కింద పెట్టిన డబ్బాలో బల్లి ఒక్క పూటలో ఉడికిపోతుంది. గోడ మీద ఉన్న బల్లి అయితే చల్లని సందు తానే వెతుక్కుంటుంది.

అన్నింటికన్నా పెద్ద కష్టం, కొనేవాడు లేకపోవడం. ఇంటి బల్లికి అంగడి లేదు.

లక్షల బల్లి కథ ఎక్కడ పుట్టింది?

బేరగాళ్లు చెప్పే "లక్షల బల్లి" పేరు టోకే. ఇది అడుగు దాకా పెరుగుతుంది. నీలి బూడిద రంగు ఒంటి మీద ఎర్రని చుక్కలుంటాయి. "టో-కే" అని గట్టిగా అరుస్తుంది. మన దేశంలో ఇది ఉండేది అస్సాం వంటి ఈశాన్య రాష్ట్రాల వైపు. తెలంగాణ గుట్టల్లో, ఇళ్లలో ఇది లేదు. కాబట్టి జహీరాబాద్‌లో ఎవరైనా "మీ ఇంట్లో టోకే ఉంది" అంటే అక్కడే అబద్ధం దొరికిపోయింది.

చైనా సంప్రదాయ వైద్యంలో ఎండబెట్టిన టోకేను చాలా కాలంగా దగ్గు, ఆయాసం మందుల్లో వాడుతున్నారు. 2009, 2010 ప్రాంతంలో ఆగ్నేయాసియాలో "దీని నాలుకతో, లోపలి భాగాలతో ఎయిడ్స్ నయమవుతుంది" అనే పుకారు లేచింది. బరువును బట్టి ధర అన్నారు. మలేసియా, ఫిలిప్పీన్స్ పల్లెల్లో జనం పనులు మాని రాత్రిళ్లు బల్లుల వేటకు పోయారు. 2011లో ఫిలిప్పీన్స్ ఆరోగ్య శాఖ ఈ మాటకు ఆధారం లేదని, బల్లిని నమ్ముకుని అసలు వైద్యం మానొద్దని ప్రజలను హెచ్చరించింది. వన్యప్రాణుల వ్యాపారంపై నిఘా పెట్టే ట్రాఫిక్ అనే సంస్థ 2013లో దీని మీద నివేదిక ఇచ్చింది. అడవి బల్లులు తగ్గిపోయాయి, పుకారు నమ్మి పెట్టుబడి పెట్టినవారు మునిగారు.

ఎయిడ్స్‌కు బల్లి మందు కాదు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఏఆర్‌టీ మందులను మన ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది. సిగ్గుపడకుండా ప్రభుత్వ ఆస్పత్రిలో అడిగితే దారి చూపిస్తారు.

"అడవిలో పట్టొద్దు సరే, ఫారంలో పెంచి అమ్మితే?" అనే ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. ఇండోనేసియాలో కొన్ని కంపెనీలు టోకేలను పెంచి ఎగుమతి చేస్తామని అనుమతులు తీసుకున్నాయి. 2015లో ట్రాఫిక్ సంస్థ తరఫున పరిశోధకులు లెక్క కట్టారు. ఎండబెట్టిన పది లక్షల బల్లులు తయారు చేయాలంటే 1,40,000 ఆడ బల్లులు, 14,000 మగ బల్లులు, 30,000 పొదిగే డబ్బాలు, పిల్లలకు 1,12,000 గూళ్లు, వందల మంది పనివారు కావాలని తేలింది. ఇంత ఖర్చుతో పెంచి ఆ ధరకు అమ్మడం గిట్టుబాటు కాదని, ఫారం పేరుతో అడవి బల్లులనే పట్టి పంపుతున్నారనే అనుమానం బలపడిందని వారు చెప్పారు. కంపెనీలకే కుదరని లెక్క ఎకరం భూమి ఉన్న రైతుకు ఎలా కుదురుతుంది?

ఈము పక్షుల కథ మనం మరచిపోలేదు. "పిల్లలు మేమిస్తాం, పెద్దయ్యాక మేమే కొంటాం" అన్న మాట మీదే ఆ వ్యాపారం నడిచింది. 2012లో తమిళనాడులోని పెరుందురైలో ఈము సంస్థ మూతపడి వేల మంది డబ్బు ఇరుక్కుపోయింది. మన తెలుగు జిల్లాల్లో కూడా అప్పు తెచ్చి ఈములు పెంచిన రైతులు చివరికి మేత పెట్టలేక గోస పడ్డారు. "రెండు తలల పాము" బేరాల్లో చిక్కి పోలీసు కేసులు నెత్తిన వేసుకున్నవారి వార్తలు ఇప్పటికీ పేపర్లలో చూస్తున్నాం. బల్లి బేరం అదే దారి. పిల్లలను అమ్మినంత కాలమే బేరగాడికి లాభం. పెద్దవాటిని కొనేరోజు అతని ఫోన్ కలవదు.

చట్టం ఏం చెబుతుంది?

మన దేశంలో 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. దీన్ని 2022లో సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. టోకే బల్లికి ఈ చట్టం రక్షణ ఉంది. భారత్‌తో సహా కొన్ని దేశాల ప్రతిపాదన మీద 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా ఒప్పందం కిందికి తెచ్చారు. మన గట్ల మీద తిరిగే ఉడుము ఈ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. మొదటి షెడ్యూలు ప్రాణిని పట్టినా, చంపినా, అమ్మినా మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. "నాకు తెలియదు సార్" అంటే చెల్లదు.

విదేశీ జాతుల్లో అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చే వాటిని ఇంట్లో ఉంచుకున్నా ప్రభుత్వానికి తెలిపి నమోదు చేసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో దీనికి నియమాలు వచ్చాయి. పరివేశ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. వాటిలో కొన్నింటిని పెంచి పిల్లలు చేయించాలంటే లైసెన్సు కూడా కావాలి. కాబట్టి ఏ రకం బల్లి అయినా, ఎవరైనా తెచ్చి "సాకండి" అంటే ముందుగా దగ్గరి అటవీ రేంజి కార్యాలయంలో అడగాలి. అడ్వాన్సు కట్టిన తర్వాత కాదు, ముందు.

బల్లికి చోటిచ్చే పద్ధతి

డబ్బా అక్కర లేదు, పెట్టుబడి అక్కర లేదు. ఈ కింది పనులు చేస్తే చాలు.

దీపం చోటు మార్చండి: వంట గది పొయ్యి మీద, నీళ్ల కుండ మీద బల్బు ఉంటే పురుగు అక్కడికే వస్తుంది, పురుగు వెంట బల్లి వస్తుంది. బల్బును బయటి అరుగు మీదికి, పశువుల కొట్టం గోడకు మార్చండి. వంట గదిలో పని అయ్యాక దీపం ఆర్పండి. బల్లి తనంతట తానే బయటి గోడకు పోతుంది. కొట్టంలో దోమలు తగ్గితే బర్రెలకు కూడా నెమ్మది.

సందులు కొన్ని వదలండి: కొట్టం గోడలో, చేను దగ్గరి గుడిసెలో రెండు మూడు సందులు అలాగే ఉంచండి. చేను గట్టు మీద రాళ్ల కుప్ప, వేప లేదా తుమ్మ చెట్టు ఉంటే చెట్టు బల్లి, నలికిరి, తొండ నిలుస్తాయి. గట్టు గడ్డికి నిప్పు పెడితే వాటి గుడ్లు కూడా కాలిపోతాయి. రాళ్ల కుప్ప మాత్రం ఇంటికి దూరంగా ఉండాలి. అందులో పాము, తేలు కూడా చేరతాయి. చేయి పెట్టొద్దు.

మందు తగ్గించండి: మందు తిన్న పురుగును తిన్న బల్లికి కూడా విషం ఎక్కుతుంది. పడుకునే ఇంట్లో ధాన్యం బస్తాల దగ్గర మందు బిళ్లలు పెట్టడం బల్లికే కాదు, మీ పిల్లల ప్రాణానికే ముప్పు. ఆ బిళ్లల నుంచి వచ్చే గాలి మనుషులను చంపుతుంది. గింజను బాగా ఎండబెట్టడం, వేపాకు, బూడిద కలపడం మేలు.

స్టార్టర్ డబ్బా మూయండి: బోరు మోటారు స్టార్టర్ డబ్బా వెచ్చగా ఉంటుందని బల్లి దూరుతుంది. కాంటాక్టుల మధ్య పడి చస్తే మోటారు ఆగిపోతుంది, ఒక్కోసారి కాలిపోతుంది. వైరు పోయే రంధ్రాలకు రబ్బరు బిగించండి. మిగిలిన సందులు మూసేయండి. డబ్బా మూత సరిగా పట్టేలా చూడండి. చచ్చిన బల్లిని తీయాలంటే ముందుగా మెయిన్ ఆపాలి. తడి చేతులతో, ఒట్టి కాళ్లతో తీయొద్దు.

బల్లి విషమా?

బల్లికి విషపు కోరలు లేవు, విషపు తిత్తి లేదు. మీద పడితే ఏమీ కాదు. బల్లి శాస్త్రం చూసుకోవడం, కంచిలో బంగారు బల్లి, వెండి బల్లిని తాకి రావడం ఎవరి నమ్మకం వారిది. కానీ "బల్లి పడ్డ కూర తింటే విషం ఎక్కుతుంది" అనే భయం వెనుక కొంత నిజం వేరే రూపంలో ఉంది. బల్లి పేగుల్లో, రెట్టలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది తిండిలో చేరితే వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయి. పసిపిల్లలకు, ముసలివారికి ఇది ప్రమాదమే.

అందుకని నీళ్ల కుండ మీద, పాల గిన్నె మీద, అంబలి మీద ఎప్పుడూ మూత ఉండాలి. బల్లి పడ్డ కూర, పాలు పారబోయాలి. "మళ్లీ మరగబెడితే పోతుంది" అని పొదుపు చేయొద్దు. బల్లి రెట్టను ఊడ్చి చేతులు సబ్బుతో కడగాలి. వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ద్రావణం తాగిస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇది బల్లిని చంపే కారణం కాదు, మూత పెట్టే కారణం.

రైతుల సందేహాలు

ప్రశ్న: మా ఇంట్లో బల్లులు మస్తు పెరిగినయి. చంపకుండా తగ్గించుకునేది ఎట్ల?
జవాబు: బల్లులు ఎక్కువైతే పురుగు ఎక్కువైందని అర్థం. పెంటకుప్పను ఇంటికి దూరం జరపాలి. నిలవ నీళ్లు లేకుండా చూడాలి. రాత్రి ఎంగిలి గిన్నెలు ఉంచొద్దు. లోపలి దీపం తగ్గించాలి. తిండి తగ్గితే బల్లులూ తగ్గుతాయి.

ప్రశ్న: కోడిగుడ్డు డొల్లలు గోడకు కడితే బల్లులు రావంటారు, నిజమేనా?
జవాబు: దీనికి ఆధారం లేదు. డొల్ల పక్కనే బల్లి తిరగడం మీరే చూడొచ్చు.

ప్రశ్న: అడ్వాన్సు కట్టి మోసపోయినం. ఇప్పుడేం చేయాలె?
జవాబు: ఫోన్ ద్వారా డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. పోలీసు ఠాణాలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మాట్లాడిన నంబరు, డబ్బు పంపిన రసీదు దాచి ఉంచండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: పెంచి అమ్ముకునేందుకు ఇంకేం మంచిది?
జవాబు: మీ ఊరి సంతలో ఈ వారం ఏది అమ్ముడుపోయిందో అదే మంచిది. నాటు కోళ్లు, మేకలు, పాడి బర్రె — వీటిని కొనేవారు మీ కళ్ల ముందే ఉంటారు, ధర మీకు తెలుసు, జబ్బు చేస్తే చూసే పశువైద్యుడు ఉన్నాడు. కొనేవాడు ఒక్కడే ఉండి, వాడే పిల్లలనూ అమ్మితే అది వ్యాపారం కాదు, వల.

గుర్తుంచుకోండి

• ఇంటి బల్లికి అంగడి లేదు. టోకే బల్లి మన ప్రాంతంలో లేదు.
• బల్లితో ఎయిడ్స్ గానీ, ఇంకే పెద్ద జబ్బు గానీ నయం కాదు.
• అడవి ప్రాణిని పట్టినా, అమ్మినా జైలు తప్పదు. అనుమానం ఉంటే అటవీ కార్యాలయంలో అడగండి.
• తిండి మీద మూత, స్టార్టర్ డబ్బాకు మూత, వంట గది దీపానికి వేరే చోటు — ఈ మూడూ చేస్తే బల్లితో బాధ లేదు.
• గుడ్లను తిప్పొద్దు, తోక తెంపొద్దు, గట్టుకు నిప్పు పెట్టొద్దు.

ఈ రాత్రి అన్నం తిని అరుగు మీద కూర్చున్నప్పుడు బల్బు వంక ఒక పది నిమిషాలు చూడండి. బల్లి ఎన్ని పురుగులు పట్టిందో పిల్లలను లెక్కపెట్టమనండి. రోజూ రాత్రి, కూలి అడగకుండా, పండుగ పూట కూడా సెలవు తీసుకోకుండా అది చేసే పని అదే. రేపు ఎవరైనా లక్షల మాట తెస్తే ఆ లెక్క చెప్పి పంపించండి.